స్విఫ్ట్‌కి వెడల్పు వీల్స్: 15 మేలా, 16 మేలా, స్పేసర్లతో సరిపోతుందా?

సాలూరు దాటి ఘాటీ ఎక్కుతుంటే వెనక సీట్లోంచి మా బావమరిది "బావా, ఏదో రబ్బరు కాలుతున్న వాసనొస్తోంది, ఒకసారి ఆపు" అన్నాడు. సుంకి దగ్గర టీ కొట్టు పక్కన ఆపి దిగి చూస్తే వెనక ఎడమ టైరు భుజం మీద గోరుతో గీకినట్టు చుట్టూ ఒక గీత పడి ఉంది, దాని నుంచి సన్నటి నల్లటి రబ్బరు పోగులు వేలాడుతున్నాయి. ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) లోపలి మడత మీద వేలు పెడితే పెయింట్ పోయి రేకు తగిలింది. ఆ రోజు పొద్దున్నే వైజాగ్‌లో వేయించిన 16 అంగుళాల అల్లాయ్స్ అవి. షాపులో ఖాళీ బండిని చదును నేల మీద పెట్టి, స్టీరింగ్ అటూ ఇటూ ఫుల్లుగా తిప్పి చూపించి "ఎక్కడా తగలట్లేదు సార్" అన్నారు. నిజమే, అక్కడ తగల్లేదు. నలుగురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు, డిక్కీ నిండా సామాన్లతో ఒడిశాలోని జైపూర్ వరకూ రావాల్సిన బండి అని వాళ్లూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అప్పటి నుంచి మా వీధిలో ఎవరు అల్లాయ్స్ మాటెత్తినా నా దగ్గరికే పంపుతున్నారు కాబట్టి, నాకు తెలిసింది అంతా ఒకచోట రాస్తున్నాను. నా బండి 2018లో వచ్చిన మోడల్ స్విఫ్ట్ వీఎక్స్ఐ. కంపెనీ టైరు 165/80 ఆర్14, స్టీలు రిమ్ము. ఇందులో 165 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 80 ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో, 14 రిమ్ము అంగుళాలు. ఇదే బండి పై వేరియంట్‌కి కంపెనీయే 185/65 ఆర్15 ఇచ్చింది, ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే సగం తలనొప్పి పోతుంది. మన ముందు ఉన్న దారులు నాలుగు: 185/65 ఆర్15, దానికన్నా కాస్త వెడల్పు 195/60 ఆర్15, బాలెనో పై వేరియంట్లకి వచ్చే 195/55 ఆర్16, లేదా ఉన్న రిమ్ములే ఉంచి వాటి వెనకాల స్పేసర్లు (రిమ్ముకీ ఇరుసుకీ మధ్య దూర్చే బిళ్లలు) పెట్టి బయటికి లాగడం.

ముందుగా ఒక మాట. అందరూ టైరు వెడల్పు గురించే గొడవ పడతారు కానీ ఒరుసుకునేది చాలావరకు ఆఫ్‌సెట్ వల్ల. రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత గీశామనుకోండి, హబ్‌కి (రిమ్మును బిగించే ఇరుసు కొసకి) ఆనే ముఖం ఆ గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్, రిమ్ము వెనక ఈటీ అనే అక్షరాల పక్కన ఉండే అంకె. అది తగ్గితే చక్రం బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. లెక్క సులువుగా ఉండటానికి పాత రిమ్ము 5 అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకుందాం. మీ రిమ్ము వెనక ఏముంటే ఆ అంకెలే వేసుకోండి. నాకు అంటగట్టినవి 7 అంగుళాలు, ఈటీ 35. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, కాబట్టి పాత రిమ్ములో సగం 63.5, కొత్తదానిలో సగం 88.9. బయటి అంచు పాతది 63.5 లోంచి 45 తీస్తే 18.5, కొత్తది 88.9 లోంచి 35 తీస్తే 53.9. అంటే బయటికి 35 మిల్లీమీటర్లు వచ్చేసింది. లోపలి వైపు అదే లెక్క కూడికతో చేస్తే 108.5 కాస్తా 123.9 అయింది, 15 మిల్లీమీటర్లు లోపలికి కూడా పోయింది. బయట ఫెండర్, లోపల స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగు కలిసిన కడ్డీ), రెండింటి దగ్గరా జాగా తినేసింది. ఇది కాయితం మీద రెండు నిమిషాల పని, డబ్బు కట్టకముందే నేను చేసుకుని ఉండాల్సింది.

అదే 6 అంగుళాల రిమ్ము, ఈటీ 40 తీసుకుంటే బయటికి 18, లోపలికి 8 మిల్లీమీటర్లు. ఈటీ 45 అయితే రెండు వైపులా 13 లోపే. తేడా ఎంతో చూడండి.

ఇప్పుడు ఒక్కొక్కటి.

185/65 ఆర్15. చక్రం మొత్తం ఎత్తు పాతది 619.6 మిల్లీమీటర్లు, ఇది 621.5. రెండు మిల్లీమీటర్ల తేడాకి స్పీడోమీటర్ తప్పు చూపదు, పైకి ఒరుసుకునే ప్రశ్నా లేదు. ఈ టైరుకి 5 నుంచి 6.5 అంగుళాల రిమ్ము సరిపోతుంది. 6 అంగుళాల అల్లాయ్ మీద వేస్తే టైరు గోడ నిటారుగా కూర్చుని, వెనక నుంచి చూస్తే బండి నిండుగా కనిపిస్తుంది. పైగా కోరాపుట్‌లో అయినా, పార్వతీపురంలో అయినా టైరు పగిలితే దొరికే సైజు. నా ఓటు దీనికే, కారణాలు ఇంకా ఉన్నాయి, చెబుతాను.

195/60 ఆర్15. ఎత్తు 615, పాతదానికన్నా నాలుగున్నర తక్కువ, అందులో సగం, అంటే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు బండి కిందికి దిగుతుంది, అది పెద్ద లెక్కలోకి రాదు. వెడల్పు ఇంకో 10 పెరుగుతుంది, అంటే చెరో వైపు 5. ఆఫ్‌సెట్ 40 నుంచి 45 మధ్య ఉంటే ఒరుసుకోదు కానీ వెనక సీట్లో ముగ్గురు కూర్చునే అలవాటు ఉన్నవాళ్లు నేను కింద చెప్పే పిండి పరీక్ష చేయకుండా కొనొద్దు. రోడ్డు మీద పట్టు బాగుంటుంది, ఘాటీలో మలుపు తిప్పేటప్పుడు ఆ నమ్మకం తెలుస్తుంది. నిలబడిన బండిలో స్టీరింగ్ కొంచెం బరువెక్కుతుంది. ఎక్కువగా ఒకరిద్దరే తిరిగే బండి అయితే ఇది కూడా మంచి ఎంపికే, మా పక్కింటి కుర్రాడికి నేనే ఇది చెప్పి వేయించాను.

195/55 ఆర్16. న్యాయంగా చెప్పాలంటే 16 అంగుళాలది తప్పు కాదు. చక్రం ఎత్తు 620.9, పాతదానికి ఒక మిల్లీమీటరు తేడా అంతే. సరైన ఆఫ్‌సెట్‌తో 6 అంగుళాల రిమ్ము దొరికితే ఇది కూడా ఒరుసుకోకుండానే కూర్చుంటుంది. నా బండిలో ఒరుసుకున్నది ఆ 7 అంగుళాలు, ఈటీ 35 కలిసి చేసిన పని. అయినా నేను దీన్ని తీసేశాను, దానికి కారణం టైరు గోడ. 165/80లో టైరు గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు, 185/65లో 120, 195/55లో 107. వానాకాలం అయ్యాక మన రోడ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు, నీళ్లు నిలిచిన గుంత ఎంత లోతో తెలియకుండానే దిగుతాం. ఆ 25 మిల్లీమీటర్ల రబ్బరే దెబ్బ కాచేది. స్టీలు రిమ్ము వంగితే సుత్తితో సరిచేసే మనిషి ప్రతి ఊళ్లో ఉంటాడు, అల్లాయ్ పగుళ్లిస్తే వెల్డింగ్ పెట్టించి ఘాటీలో నడపడం నా దృష్టిలో ప్రాణంతో చెలగాటమే. వైజాగ్ లోపలే తిరిగే బండి అయితే 16 వేసుకోండి, అందం దానిదే. జైపూర్, నవరంగపూర్, మల్కన్‌గిరి వైపు తిరిగే బండికి మాత్రం నేను వద్దనే అంటాను.

స్పేసర్లు. ఇది చవకైన దారి, అందుకే కుర్రాళ్లు ఎక్కువగా అడుగుతారు. 10 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టడం అంటే ఆఫ్‌సెట్‌లో 10 తగ్గించడమే, ఈటీ 45 రిమ్ము 35 రిమ్ములా నిలబడుతుంది. వెడల్పు పెరగదు, చూపు మాత్రమే పెరుగుతుంది. అసలు భయం నట్లది. మారుతీకి స్టడ్ల (హబ్ నుంచి బయటికి వచ్చి నట్టు పట్టే బోల్టుల) మరలు 12 మిల్లీమీటర్ల లావు, ఒక్కో చుట్టుకి మర దూరం 1.25. నట్టు పట్టు ఉండాలంటే కనీసం స్టడ్ లావంత మర పట్టాలి, అంటే తొమ్మిదీ పది చుట్లు. స్పేసర్ మింగేసిన 10 మిల్లీమీటర్లకి ఎనిమిది చుట్లు పోతాయి. చేత్తో నట్టు తిప్పి చుట్లు లెక్కపెట్టండి, నాలుగైదుకే ఆగిపోతే ఆ బండి ఇంట్లోవాళ్లను ఎక్కించుకునే బండి కాదు. పొడుగు స్టడ్లు వేయించి, హబ్‌కి సరిగ్గా కూర్చునే స్పేసర్ కొనే సరికి ఖర్చు పెరుగుతూ పోతుంది, ఆ డబ్బు మంచి రిమ్ముల మీద పెట్టడం మేలు. వెనక చక్రం కాస్త లోపలికి ఉందన్న బాధ ఒక్కటే అయితే దాన్ని అలాగే వదిలేయండి, ఏమీ కాదు.

ఇంకో రెండు చిట్కాలు మెకానిక్‌లు చెబుతారు. ఒకటి, ఫెండర్ లోపలి మడతను హీట్ గన్‌తో వేడి చేసి పైకి నొక్కేయడం. చేయి తిరిగినవాడు చేస్తే బాగానే వస్తుంది, వేడి చాలకుండా నొక్కితే పెయింట్ సన్నగా చిట్లి, ఒక్క వానాకాలంలో అక్కడి నుంచి తుప్పు మొదలవుతుంది. రెండోది, వెనక స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు దూర్చడం. బండి పైకి లేస్తుంది, ఒరుసుకోవడం ఆగినట్టే ఉంటుంది, కానీ స్ప్రింగుకి కదిలే జాగా తగ్గి వెనక కూర్చున్నవాళ్ల నడుములు విరుగుతాయి. మా అత్తయ్య గారు రెండు రోజులు లేవలేకపోయారు, నేను తీయించేశాను. చక్రం తప్పు కొని బండిని దానికి తగ్గట్టు మార్చుకుంటూ పోవడం ఎందుకు?

ఇక పిండి పరీక్ష. చపాతీ పిండి కాస్త గట్టిగా కలిపి, చిటికెన వేలంత లావు పొడుగు కడ్డీలు చేసి, వెనక ఫెండర్ల లోపలి మడత కింద టైరుకి ఎదురుగా రెండు మూడు చోట్ల అంటించండి. ముందు వైపు ప్లాస్టిక్ లైనర్ మీద, బంపర్ చివర లోపల కూడా. బండిలో నిండా మనుషుల్ని ఎక్కించి, స్పీడ్ బ్రేకర్ల మీద, ఒక చక్రం గుంతలో దిగేలా, ఫుల్లుగా తిప్పి రివర్స్‌లో, ఇలా పది నిమిషాలు తిప్పి రండి. పిండి నొక్కుకుపోయిన చోట మిగిలిన మందమే మీకున్న జాగా. టైరు అచ్చు దిగి పూర్తిగా తెగిపోతే అక్కడ ఒరుసుకుంటోందని అర్థం. ముందు స్ట్రట్‌కి, టైరుకి మధ్య మాత్రం పిండి అక్కర్లేదు, స్టీరింగ్ తిప్పితే ఆ రెండూ కలిసే తిరుగుతాయి కాబట్టి అక్కడ జాగా పెద్దగా మారదు, చూపుడు వేలు దూరితే చాలు. కొత్త రిమ్ములు కొనేముందు పాత చక్రం దగ్గరే ఆ జాగా స్కేలుతో కొలిచి, పైన చేసిన లోపలి వైపు లెక్కను అందులోంచి తీసేయండి. మీ చేతిలో ఉన్న స్కేలు షాపువాడి మాట కన్నా నమ్మదగింది.

షాపులో అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. స్విఫ్ట్‌కి నాలుగు బోల్టుల గుండా గీసిన వలయం అడ్డకొలత 100 మిల్లీమీటర్లు, రిమ్ము మధ్య రంధ్రం 54.1. బయట అమ్మే అల్లాయ్స్‌లో చాలావాటికి మధ్య రంధ్రం 73.1 ఉంటుంది, ఎన్నో బండ్లకి సరిపోవాలని అలా చేస్తారు. ఆ ఖాళీ నింపే హబ్ రింగులు అడిగి మరీ వేయించుకోండి, లేదంటే హైవే మీద 80, 90 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. నట్టు అంచు ఆకారం అల్లాయ్ రంధ్రానికి సరిపోవాలి. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ బిగించాలి. బ్రెజా ఉన్నవాళ్లు ఈ అంకెలు వాడొద్దు, దానికి ఐదు బోల్టులు, 114.3 కొలత.

చట్టం సంగతి కూడా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. ఒడిశా సరిహద్దులోని గిరిసోల దగ్గరైనా, సాలూరు దగ్గరైనా చెక్‌పోస్టులో ఆపితే, ఇన్సూరెన్స్ సర్వేయర్ చక్రాలు చూస్తే, "ఇదే మోడల్ పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన సైజు ఇది" అని చెప్పుకోగలగడం 185/65 ఆర్15కి ఉన్న అసలైన బలం. ఫెండర్ దాటి బయటికి పొడుచుకొచ్చిన చక్రానికి చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

నేను చివరికి 15 అంగుళాలు, 6 వెడల్పు, ఈటీ 40 రిమ్ములు, 185/65 టైర్లు వేసుకున్నాను. అదే ఆరుగురితో, అదే ఘాటీలో రెండుసార్లు ఎక్కాను. సుంకి దగ్గర ఆపి ఫెండర్ కింద చేయి పెట్టి చూస్తే పొద్దున అంటించిన పిండి అలాగే ఉంది, ఎర్ర దుమ్ము పట్టి. స్టెప్నీ మాత్రం మార్చలేదు, పాత 165/80 ఆర్14 స్టీలు రిమ్మే, ఎత్తులో రెండు మిల్లీమీటర్లే తేడా కాబట్టి టైరు షాపు వచ్చేదాకా నెమ్మదిగా నడిచిపోతుంది. అల్లాయ్ నట్లు ఆ స్టీలు రిమ్ముకి సరిగ్గా కూర్చోవు, అందుకని పాత నట్లు నాలుగూ గుడ్డలో చుట్టి స్టెప్నీ కిందే పెట్టాను.