డవ్‌డేల్ 'గుహల ట్రిప్'కు డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లో ఉంటున్నవాళ్లు, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నవాళ్లు, ఒక్క ఐదు నిమిషాలు. మేం నలుగురం 220 పౌండ్లు పోగొట్టుకున్నాం. దానితోపాటు అమ్మ మణికట్టు బెణికింది.

ప్రకటన వాట్సాప్‌లో వచ్చింది. డవ్‌డేల్ అనే సున్నపురాయి లోయలో నడక, గుహల ప్రవేశం, చారిత్రక వంతెనలు, గైడ్, భోజనం, అన్నీ కలిపి మనిషికి 55 పౌండ్లు. పైన ఫోటో అదిరిపోయింది. పెద్ద గుహ లోపల్నుంచి తీసింది, ఎదురుగా పచ్చటి లోయ. మాది బేతంచెర్ల. నాన్న బిల్లసర్గం గుహల్లో తిరిగి పెరిగినవాడు, ఇంటికొచ్చిన చుట్టాలందరికీ బెలుం గుహలు చూపించినవాడు. ఫోటో చూడగానే "ఇక్కడికి పోదాం రా" అన్నాడు. నేను ఇంకేం ఆలోచించకుండా డబ్బు పంపేశాను. అక్కడే నా తప్పు మొదలైంది.

డవ్‌డేల్‌కు ప్రవేశ రుసుము అనేదే లేదు. డెర్బీషైర్, స్టాఫర్డ్‌షైర్ కౌంటీల సరిహద్దుగా పారే డవ్ నది పక్కన అందరూ నడిచే కాలిబాట అది. గుహలకు టికెట్ లేదు, వంతెనలకూ లేదు. కారులో వెళ్తే పార్కింగ్ డబ్బులు కడతాం, అంతే. 'గుహల ప్రవేశం' అన్న రెండు మాటలకు వాళ్లు ఎంత తీసుకున్నారో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ ఫోటో అసలు డవ్‌డేల్‌దే కాదు! పక్కన మ్యానిఫోల్డ్ నది లోయలో ఉన్న థోర్స్ కేవ్‌ది. అది లోయ అడుగు నుంచి దాదాపు 80 మీటర్ల ఎత్తున ఉంటుంది. దాన్ని చూడాలంటే ఆ లోయకే వెళ్లి మెట్లెక్కాలి. డవ్‌డేల్‌లో ఉన్నవి వేరు. కొండవాలు మీద రాతి తోరణం వెనక రేనార్డ్స్ కేవ్, నది వెంట ఇంకా ఎగువకు వెళ్తే ఒడ్డునే డవ్ హోల్స్. ఈ డవ్ హోల్స్ నోళ్లు పెద్దవే గానీ లోతు లేదు, పది అడుగులు వేస్తే వెనక గోడ తగులుతుంది. బెలుం లాంటిది ఊహించుకుని వెళ్తే నిరాశే.

ఆ రోజు ఏం జరిగిందంటే, పొద్దున 8కి బయల్దేరాల్సిన బస్సు తొమ్మిదిన్నర దాటాక కదిలింది. దారిలో రెండుచోట్ల ఆపారు. డవ్‌డేల్ చేరేసరికి పన్నెండున్నర. "రెండు పదికి బస్సు దగ్గర ఉండాలి" అన్నాడు గైడ్. అన్నవాడు మాతో రాలేదు, బస్సులోనే కూర్చున్నాడు. అక్కణ్ణుంచి మిల్‌డేల్ ఊరు దాదాపు మూడు మైళ్లు. చెప్పుకోదగ్గ పాత వంతెన ఉన్నది అక్కడే. వెళ్లి రావడానికి ఆరు మైళ్లు, ఉన్న సమయం గంటా నలభై నిమిషాలు. పెద్దవాళ్లతో అవుతుందా? వంతెనలేవండీ అని అడిగితే, దగ్గర్లో జనం నది దాటే మామూలు కాలివంతెన చూపించాడు.

అక్టోబర్ నెల, ముందు రోజంతా వాన. నది దాటడానికి వరసగా వేసిన అడుగురాళ్ల మీదుగా నీళ్లు పోతున్నాయి, కాబట్టి వాటి మీద దాటడమూ లేదు. ఒడ్డెంట నడిచి లవర్స్ లీప్ అనే గుట్ట మెట్ల దాకా వెళ్లాం. అక్కడి రాయి జనం కాళ్లకు నున్నగా అరిగిపోయింది. "ఒరే, తడిసిన నాపరాయి లాగుంది, అమ్మ చెయ్యి పట్టుకో" అని నాన్న అంటూనే ఉన్నాడు, అమ్మ జారింది. కాళ్లకు మామూలు చెప్పులు. బూట్లు వేసుకురమ్మని ప్రకటనలోగానీ తర్వాతి మెసేజుల్లోగానీ ఒక్క మాట లేదు. ఫోన్ చేద్దామంటే లోయలో మాకు సిగ్నల్ అందలేదు. పాపం అమ్మ, తిరుగు ప్రయాణమంతా "ఏం కాలేదు లేరా" అంటూనే ఉంది.

భోజనం సంగతి వదిలేయండి. చల్లారిన పులిహోర పొట్లం, మనిషికొకటి.

డబ్బు వెనక్కి అడిగితే మూడు వారాలు జవాబు లేదు, ఆ తర్వాత "వాతావరణం మా చేతుల్లో లేదు" అన్నారు. వాతావరణం గురించి నేను అడగలేదు కదా! బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేశాను కాబట్టి బ్యాంకు వాళ్లు ఇది మీ ఇద్దరి మధ్య గొడవ అని తేల్చేశారు. కార్డుతో కట్టి ఉంటే చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించమని అడిగే దారి ఉండేది. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంటుంది కదా అనుకోకండి, తేదీ ఖరారైన ఇలాంటి ట్రిప్పులకు అది వర్తించదు. అయితే వాళ్లు రాసి ఇచ్చినదాన్ని నమ్మి మనం కొంటే, 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ మాటకు వాళ్లు కట్టుబడాలి. అందుకే ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. నా దగ్గర ఉంది, ఇలాంటి గొడవల్లో ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థకు అదే చూపించాను.

నెల తర్వాత మా కారులోనే మళ్లీ వెళ్లాం, ఈసారి మిల్‌డేల్ వైపు నుంచి. అందరికీ గట్టి బూట్లు. వయేటర్స్ బ్రిడ్జి అక్కడ ఊరి అంచునే ఉంది. రెండు కమానుల సన్నటి రాతి వంతెన, ఒకప్పుడు మూటలు మోసే గుర్రాలు నడిచినది. మూటలకు అడ్డం రాకుండా అప్పట్లో పిట్టగోడలు కూడా కట్టలేదట. 1676 నాటి ఒక చేపల వేట పుస్తకంలో ప్రయాణికుడి పాత్ర ఈ వంతెన ఇరుకును చూసి గొణుక్కుంటుంది, పేరు ఆ పాత్రదే. అక్కణ్ణుంచి నది వెంట కిందికి నడిస్తే డవ్ హోల్స్. నాన్న గుహ గోడ తడిమి చూసి, "మన బండే రా ఇది" అని ఆ రాయి మీదే అరగంట కూర్చున్నాడు. ఆ రోజు మాకైన ఖర్చు పెట్రోలు, పార్కింగ్, నాలుగు టీలు.

ఈ వారం అదే థోర్స్ కేవ్ ఫోటోతో ఏప్రిల్ ట్రిప్ ప్రకటన మళ్లీ వచ్చింది. ఈసారి మనిషికి 60 పౌండ్లు.