మెడ బిళ్లలకు లింఫోమా రక్త ప్యాకేజీ: ఎంతవరకు నమ్మొచ్చు?

మెడలో బిళ్లలు కడితే చేయించుకోమని ల్యాబ్‌లు అమ్మే లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) ప్యాకేజీలో సాధారణంగా సీబీపీ (రక్తకణాల లెక్క), ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును సూచించే పరీక్ష), ఎల్‌డీహెచ్ (కణాల్లో ఉండే ఎంజైము), బీటా-2 మైక్రోగ్లోబులిన్ (కణాల నుంచి రక్తంలోకి వచ్చే ప్రొటీన్) ఉంటాయి. బయాప్సీకి (ముక్క పరీక్షకు) ఎంత తొందరపడాలో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది. బయాప్సీ అక్కర్లేదని చెప్పే శక్తి మాత్రం దీనికి లేదు. రిపోర్టు నార్మల్ అని ఊరుకుంటేనే అసలు ప్రమాదం.

ఇందులో ఎక్కువ విలువ సీబీపీకే, అదీ స్మియర్ (గాజు పలకపై పరిచిన రక్తం) మైక్రోస్కోపులో చూస్తేనే. అటిపికల్ లింఫోసైట్లు (మామూలు రూపం తప్పిన ఒక రకం తెల్లకణాలు) కనిపిస్తే ముందు ఎప్‌స్టీన్-బార్ వంటి వైరస్‌ను అనుమానించాలి. హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు రెండూ పడిపోతే ఎముక మజ్జ వైపు చూడాలి.

ఎల్‌డీహెచ్ దగ్గరే పొరపాట్లు ఎక్కువ. ఈ ఎంజైము సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) కన్నా ఎర్రకణాల్లో ఎన్నో రెట్లు ఎక్కువ. సన్నటి సూదితో బలంగా లాగినా, ట్యూబును గట్టిగా కుదిపినా, సీరం వేరు చేయడం ఆలస్యమైనా కణాలు పగిలి అంకె పెరిగిపోతుంది. సీరం గులాబీ రంగుకు తిరిగితే మళ్లీ రక్తం తీయాల్సిందే. పోనీ ఫ్రిజ్‌లో దాచుదామంటే, చలికి కొన్ని ఐసోఎంజైములు (ఈ ఎంజైములోని రకాలు) దెబ్బతిని అంకె తగ్గుతుంది. అంతా సవ్యంగా చేసినా, ఫాలిక్యులర్ లింఫోమాలోనూ (నెమ్మదిగా పెరిగే రకం) తొలిదశ హాడ్జ్‌కిన్ లింఫోమాలోనూ ఇది చాలాసార్లు నార్మల్‌గానే ఉంటుంది. జబ్బు తేలాక తీవ్రత అంచనాకే దీని అసలు ఉపయోగం; 1993 నాటి ఇంటర్నేషనల్ ప్రోగ్నోస్టిక్ ఇండెక్స్‌లోని (లింఫోమా ముప్పును అంచనా వేసే సూచిక) 5 అంశాల్లో ఇదొకటి.

బీటా-2 మైక్రోగ్లోబులిన్ కిడ్నీ మందగించినా పెరుగుతుంది. పక్కన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు పరీక్ష) లేని ప్యాకేజీ తీసుకోవద్దు. కొన్ని ల్యాబ్‌లు చేర్చే సాల్యుబుల్ ఐఎల్-2 రిసెప్టర్ (రోగనిరోధక కణాలు వదిలే ప్రొటీన్) బాగా పెరిగితే అనుమానం బలపడుతుంది గానీ, టీబీలోనూ సార్కాయిడోసిస్‌లోనూ (గ్రంథులు వాచే, క్యాన్సర్ కాని జబ్బు) అది పెరుగుతుంది. హెచ్‌ఐవీ పరీక్ష ఉండాల్సింది, చాలా ప్యాకేజీల్లో ఉండదు. ఇది పెద్ద లోటు.

బిళ్ల 1.5 సెంటీమీటర్లు దాటి 4 నుంచి 6 వారాలైనా తగ్గకపోతే, లేదా కాలరెముక పైన గట్టిగా తగిలితే, అంకెలు ఎలా ఉన్నా ముక్క పరీక్షకు వెళ్లాలి. ఈలోగా స్టెరాయిడ్ వాడొద్దు. లింఫోమా తాత్కాలికంగా కరిగి బయాప్సీలో దొరక్కుండా పోవచ్చు. సూదితో తీసే ఎఫ్‌ఎన్‌ఏసీలో కణాలు కనిపిస్తాయే తప్ప గ్రంథి అమరిక తెలియదు. వీలైతే బిళ్ల మొత్తం తీయించాలి. దాన్నంతా ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రవం) వేస్తే ఫ్లో సైటోమెట్రీ (కణాల రకాన్ని గుర్తించే పరీక్ష) కుదరదు కాబట్టి, కొంత తాజాగా పంపమని సర్జన్‌కు ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.