పౌడర్ కోటింగ్ పెచ్చులకు రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్: వానలన్నీ తడిశాక

నా బండికి క్రాష్ గార్డ్, శారీ గార్డ్, వెనక క్యారియర్. పౌడర్ కోటింగ్ (పొడి రంగును ఓవెన్‌లో కరిగించి అంటించే పూత) లేచిన చోటల్లా హార్డెనర్, అంటే గట్టిపరిచే రెండో డబ్బా ద్రవం, కలిపే ఎపాక్సీ ప్రైమర్‌తోనే టచప్ చేసి, చాలాకాలంగా అలాగే వాడుతున్నాను. మామూలు నల్ల స్ప్రేకి దీనితో పోలికే లేదు. స్ప్రే రంగు పెట్రోల్ చిందితే చాలు, కరిగి గుడ్డకు అంటుకుంటుంది. ఇది పూర్తిగా గట్టిపడ్డాక పెట్రోల్ గుడ్డతో తుడిచినా రాదు. కానీ నన్ను కట్టిపడేసింది అది కాదు, అంచు. పాత పౌడరూ కొత్త ప్రైమరూ కలిసే గీత దగ్గర ఇంతవరకు గోటికి పొర లేవలేదు.

ఆ ఘనతలో సగం ప్రైమర్ కింద జరిగే పనిది. పౌడర్ పొర మామూలుగా 60–80 మైక్రాన్లు ఉంటుంది. ఒకచోట పగిలిందంటే తడి, ఇనుముకూ పొరకూ మధ్యకు దూరి పక్కలకు పాకుతుంది. పైకి కనిపించేది గోరంత, కింద తుప్పు రూపాయి బిళ్లంత. కాబట్టి చాకు మొనతో లాగితే లేచేదంతా తీసెయ్యాలి, పొర మొండికేసే దాకా ఆగకూడదు. తుప్పుకు 80 నంబరు ఎమరీ, ఆ గీతలు పోవడానికి 180, పౌడర్ గట్టు చేతికి తగలకుండా 320. చుట్టూ రెండు సెంటీమీటర్లు 400తో మెరుపు చంపాలి, నున్నటి పౌడర్ మీద ఏ రంగూ పట్టదు. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. అసిటోన్ రుద్దితే పాలిస్టర్ పౌడర్ మెత్తబడి మసకబారుతుంది. గుంటల్లో తుప్పు మిగిలిందని ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ పూస్తే, నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వాలి. యాసిడ్ మిగిలితే ఎపాక్సీ సరిగా గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది.

కలపడానికి సూదిలేని సిరంజిలు మంచివి. డబ్బా మీద 4:1 అని ఉంటే 4 మిల్లీలీటర్లకు ఒకటి, అంతే. ఇంత చిన్న మోతాదులో కంటి అంచనా పనికిరాదు. నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి, ఈ హార్డెనర్ చర్మానికి పడదు. బ్రష్‌తో పలచగా రెండు పూతలు. మధ్యలో ఒక రోజు దాటిపోతే మళ్లీ 400 తగిలించాలి.

చతికిలబడింది క్యారియర్ దగ్గర. వెల్డింగ్ జాయింట్ అడుగున వేసిన టచప్ వానాకాలం నడిమధ్యలో పొక్కులా ఉబ్బింది. గీకి చూస్తే ప్రైమర్ గట్టిగానే ఉంది, నీళ్లు వస్తున్నది గొట్టం లోపలి నుంచి. ఫ్యాక్టరీలో పౌడర్ గొట్టం లోపలికి దాదాపు వెళ్లదు. వెల్డింగ్‌లో సూదిమొనంత రంధ్రమున్నా, చివరి ప్లాస్టిక్ బిరడా వదులైనా లోపల నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు కారిపోవడానికి గొట్టం అడుగున ఉన్న రంధ్రం మట్టితో పూడిపోయి ఉంది. దాన్ని తెరిచి, గొట్టం ఆరాక లోపల క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా గొట్టాల లోపల కొట్టే మైనం) కొట్టి, ఆ తర్వాత పై మచ్చ మళ్లీ చేస్తే నిలిచింది. ఎంత మంచి ప్రైమరైనా బయటి నుంచే కాపలా కాస్తుంది. గొట్టపు భాగాలకు ముందు ఆ నీళ్లు పోయే రంధ్రం చూడకుండా బ్రష్ ముంచడం దండగ.

పైన మెచ్చుకున్నదానికి ఇంకో సవరణ. ఎపాక్సీ ఎండకు ఆగదు. పైపూత లేకుండా వదిలిన చోట తెల్లగా సుద్దలా పొడి రాలుతోంది. దానిమీద మ్యాట్ నలుపు పీయూ (పాలీయురేతేన్ రంగు) వేశాను, అదీ బ్రష్‌తోనే. ఆ పీయూ హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్ ఉంటుంది, స్ప్రే చేస్తే మామూలు దుమ్ము మాస్కు ఆపలేదు. గరుకు పౌడర్‌తో కలవడానికి స్పాంజి ముక్కతో అద్దితే దూరానికి తేడా తెలియదు. దగ్గరికొచ్చి చూస్తే మచ్చ మచ్చే.

నా బండి ఆరుబయటే ఉంటుంది, సముద్రపు గాలి తగిలే ఊరు. కాబట్టి నాకు ఈ శ్రమ గిట్టింది. షెడ్డులో ఉండే బండికి, ఏడాదికో చిన్న గీత పడేవాళ్లకు, నాకు దొరికినట్టు లీటరు ప్యాకే దొరికితే మటుకు కొనమని చెప్పలేను. వాడింది చారెడు కూడా లేదు, మిగిలినదానికి గడువు తేదీ దగ్గరపడుతోంది. పెచ్చులు అరచేతిని మించి లేచిన భాగాన్ని విప్పి, పాతదంతా తీయించి మళ్లీ పౌడరే కొట్టించుకోవడం మేలు. 180–200 డిగ్రీల ఓవెన్‌లోకి వెళ్తుంది కాబట్టి రబ్బరు బుష్‌లు, బేరింగులు ముందే ఊడదీసి ఇవ్వాలి.