కీమో నడుస్తున్నప్పుడు లిబ్రె సెన్సారు: డబ్బుకు తగ్గ పనేనా?

మామూలు షుగరు పేషెంటుకు ఫ్రీస్టయిల్ లిబ్రె, అంటే చేతికి అతికించుకుంటే 14 రోజులపాటు షుగరు చూపే సెన్సారు, ఒక సౌకర్యం మాత్రమే. కీమో నడుస్తున్నవారికి లెక్క వేరు.

అనంతపురం, హిందూపురం నుంచి బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చేవారు పరగడుపు షుగరు ఒక్కటే చూసుకుంటే మోసపోతారు. వాంతులు రాకుండా పొద్దున ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ షుగరును లేపేది మధ్యాహ్నం భోజనం తర్వాతే. పరగడుపున 110 ఉన్న మనిషికి సాయంత్రం 300 ఉండొచ్చు. రక్తహీనత ఉన్నా, రక్తం ఎక్కించుకున్నా మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీని కూడా నమ్మలేం. స్టెరాయిడ్ ఆగాక కథ తిరగబడుతుంది. నోరు పూసి సంగటి ముద్ద కూడా దిగని రోజుల్లో పాత మోతాదు ఇన్సులినే వేస్తే షుగరు పడిపోతుంది. ఈ రెండూ సెన్సారు గ్రాఫులో తేటగా కనిపిస్తాయి.

సెన్సారును కీమోకు ముందురోజే జబ్బ వెనక అతికించాలి. అతికించిన గంటకు రీడింగు మొదలైనా, తొలిరోజు అంకెల్లో తేడా ఎక్కువ. చంకలో గడ్డలు తీసిన వైపు గానీ, పిక్ లైను (మందు ఎక్కించడానికి చేతి నరంలో ఉంచే సన్నని గొట్టం) ఉన్న చేతికి గానీ వద్దు. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే ముందు డాక్టరునడగాలి. సీటీ, ఎంఆర్ఐ ముందు తీసేయాల్సిందే, తీసింది మళ్లీ అతకదు. కాబట్టి స్కాను అయ్యాకే కొత్తది పెట్టుకోండి.

లోపాలూ ఉన్నాయి. లిబ్రెలో మొదట వచ్చిన ఈ రకానికి అలారం లేదు. 8 గంటలకొకసారైనా ఫోను ఆనించకపోతే గ్రాఫులో ఖాళీ పడుతుంది. ఆ వైపుకే ఒత్తిగిలి పడుకుంటే షుగరు పడిపోకపోయినా పడిపోయినట్టు చూపిస్తుంది. విటమిన్ సి ఎక్కువ మోతాదులో పడితే రీడింగు అబద్ధంగా పెరుగుతుంది, ఆ అంకె చూసి ఇన్సులిన్ పెంచితే ప్రమాదం. 70 కిందికి చూపినా, ఒంట్లో తీరుకూ అంకెకూ పొంతన లేకపోయినా వేలు గుచ్చి స్ట్రిప్పుతో సరిచూడాలి. గ్రాఫు పైకి లేచిందని ఇంట్లోవాళ్లు అన్నం మాన్పిస్తారు, అసలే బరువు తగ్గుతున్న మనిషికి అంతకంటే చెరుపు లేదు. మార్చాల్సింది మందు మోతాదు, అదీ డాక్టరు చెప్పాకే.

ప్రతి సైకిల్‌కూ (కీమో విడతకూ) కొనక్కర్లేదు. మొదటి సైకిల్‌కు ఒకటి చాలు. షుగరు ఏ పూట లేస్తోందో తెలిశాక మామూలు గ్లూకోమీటరుతో మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు, రాత్రి భోజనం ముందు చూసుకోవచ్చు. కీమో మందో, స్టెరాయిడ్ మోతాదో మారితే మాత్రం ఇంకోటి పెట్టించుకోండి.