పెయింట్‌బాల్ ట్యాంకుకి ఏ రెగ్యులేటర్ కొనాలి, గాలి ఎలా వదలాలి: మూడేళ్లు వాడాక నా రివ్యూ

మేము ఉండేది డల్లాస్ దగ్గర ఇర్వింగ్‌లో. ఆఫీసులో ఎనిమిది మందిమి తెలుగువాళ్లం, నెలకోసారి పెయింట్‌బాల్ ఆడటానికి వెళ్తాం, అంటే గాలి ఒత్తిడితో నడిచే గన్‌లతో ఒకరినొకరు రంగు గుండ్లతో కొట్టుకునే ఆట. ఆ గాలి ఉండేది గన్‌కి బిగించే ట్యాంకులో. ఈ మూడేళ్లలో నేను రెండు ట్యాంకులు కొన్నాను, రెండు వేరు వేరు రెగ్యులేటర్లతో. మొదటిదాన్ని ఆర్నెల్లకే పక్కన పడేశాను. రెండోది నింజా కంపెనీ అడ్జస్టబుల్ రెగ్యులేటర్ ఉన్న 68/4500 (68 ఘనపు అంగుళాలు, 4500 పీఎస్ఐ) కార్బన్ ఫైబర్ ట్యాంకు, ఇప్పటికీ అదే వాడుతున్నాను, మా బ్యాచ్‌లో ఇంకో ముగ్గురి చేత కూడా కొనిపించాను. కొత్తగా చేరేవాళ్లు అందరూ గన్ గురించి, గుండ్లు పోసే హాపర్ గురించి, మాస్క్ గురించి వారాల తరబడి చదివి, ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి ఏది చవకగా కనిపిస్తే అది కార్ట్‌లో వేసేస్తున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన కారు టైరులో ఉండేది 35 పీఎస్ఐ. ఈ ట్యాంకులో 4500 పీఎస్ఐ. అంటే వంద రెట్లకు పైనే. ఆ ఒత్తిడికీ మన చేతికీ మధ్య ఉండేది బాటిల్ మెడ మీద బిగించిన పిడికెడంత లోహపు ముక్క. అదే రెగ్యులేటర్, ట్యాంకులోని ఒత్తిడిని తగ్గించి గన్‌కి ఇచ్చేది.

కొత్తవాళ్లు మొదట అడిగేది 'స్టాండర్డ్ తీసుకోవాలా, లో ప్రెషర్ తీసుకోవాలా' అని. దీనికి జవాబు ఆట పుట్టుకలోనే ఉంది. 1981 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లోని హెనికర్ దగ్గర అడవిలో పన్నెండు మంది మొదటిసారి ఈ ఆట ఆడినప్పుడు వాడింది చెట్లకీ పశువులకీ గుర్తులు పెట్టే పిస్తోళ్లు, వాటిలో 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గుళికలు. ఆ వాయువు మామూలు గది వేడిలో తనంతట తానే సుమారు 850 పీఎస్ఐ ఒత్తిడి ఇస్తుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు గన్‌లన్నీ ఆ ఒత్తిడి లెక్కతోనే తయారయ్యాయి. గాలి ట్యాంకులు వచ్చాక, ఆ గన్‌లు పనిచేయాలంటే బయటికి వచ్చే ఒత్తిడి కూడా 800, 850 దగ్గరే ఉండాలి కదా, అందుకే ఇప్పటికీ 'స్టాండర్డ్' అంటే అదే. లో ప్రెషర్ అంటే 450 చుట్టుపక్కల, ఇంకా తక్కువదైతే 300 చుట్టుపక్కల.

కాబట్టి ముందు మీ గన్ చూడండి. టిప్‌మన్ 98 లాంటి పాత తరహా గన్‌లో లోపల రెగ్యులేటర్ ఉండదు, ట్యాంకు ఎంత ఇస్తే అంతా నేరుగా వాల్వ్ దగ్గరికి వెళ్తుంది. దానికి 300 ఇచ్చే ట్యాంకు పెడితే గుండుని బ్యారెల్‌లోకి తోసే బోల్ట్ సరిగ్గా వెనక్కి రాదు, అసలు ఆడలేరు. ప్లానెట్ ఎక్లిప్స్ ఎమెక్ లాంటి కొత్త గన్‌లు లోపల నడిచేది 150 పీఎస్ఐ కంటే తక్కువలో, వాటికి సొంత రెగ్యులేటర్ ఉంటుంది, కాబట్టి 450 ఇచ్చే ట్యాంకు పెట్టినా హాయిగా పనిచేస్తాయి, లోపలి సీళ్ల మీద భారం కూడా తగ్గుతుంది. మా బ్యాచ్‌లో రెండు రకాల గన్‌లూ ఉన్నాయి, అందుకే నేను అడ్జస్టబుల్ తీసుకున్నాను. లోపలి స్ప్రింగ్, పలచటి షిమ్ రింగులు మార్చి అవుట్‌పుట్ మార్చుకోవచ్చు. ఆ పని మాత్రం ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యాకే, అది కూడా తెలిసినవాళ్లు చేయాలి. నేను షాపులోనే చేయించాను.

ఇప్పుడు మొదటి రెగ్యులేటర్ సంగతి. ఆన్‌లైన్‌లో చవకగా వచ్చింది, కంపెనీ పేరు చెప్పను. అప్పుడు నా గన్ టిప్‌మన్ 98. మా ఫీల్డ్‌లో గుండు వేగం సెకనుకి 280 అడుగులు దాటకూడదు. పొద్దున్నే ఆ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ దగ్గర 270, 275 చూపించింది, సరే అని లోపలికి పంపారు. ఒక గేమ్‌లో బంకర్ వెనక అయిదారు నిమిషాలు కదలకుండా కూర్చుని, తర్వాత లేచి కొట్టిన మొదటి షాట్ అవతలి కుర్రాడి భుజానికి తగిలింది. అతను చాలా సేపు భుజం పట్టుకుని కూర్చున్నాడు. రెఫరీ వచ్చి గన్ తీసుకెళ్లి, కాసేపు అలా వదిలేసి మళ్లీ చూస్తే మొదటి షాట్ 310, రెండోది 280, మూడోది 275. దీన్ని వాళ్లు క్రీప్ అంటారు. రెగ్యులేటర్ లోపల పిస్టన్ వచ్చి కూర్చునే సీటు అరిగినా, అక్కడ దుమ్ము చేరినా పూర్తిగా మూసుకోదు, గన్ కాల్చకుండా ఉన్నంతసేపూ గాలి కొంచెం కొంచెంగా జారుతూ ఒత్తిడి పెరిగిపోతుంది. ఆ రోజంతా నాకు ఒకటే టెన్షన్, ఆ కుర్రాడికి పదిహేనేళ్లు కూడా ఉండవు. ఆ రెగ్యులేటర్‌కి రీబిల్డ్ కిట్ కోసం వెతికితే ఎక్కడా దొరకలేదు, అమ్మినవాళ్లకి మెయిల్ పెడితే జవాబు లేదు.

అందుకే రెగ్యులేటర్ కొనేటప్పుడు నేను చూసే మొదటి విషయం విడిభాగాలు దొరుకుతాయా లేదా అని. నింజా దాంట్లో నాకు బాగా నచ్చింది అదే. సీళ్లు, ట్యాంకు మూతి దగ్గర గాలిని ఆపే పిన్, ఒత్తిడి మరీ పెరిగితే పగిలే బర్స్ట్ డిస్కులు అన్నీ విడిగా దొరుకుతాయి, దాదాపు ప్రతి ఫీల్డ్ షాపులో ఎవరో ఒకరికి దాన్ని విప్పి బిగించడం తెలుసు. రెండేళ్లలో ఒక్కసారి సీళ్లు మార్పించాను, అంతే. ఇరవై నిమిషాలు గన్ వదిలేసి కొట్టినా మొదటి షాట్‌కీ పదో షాట్‌కీ నా దాంట్లో వేగం సెకనుకి అయిదారు అడుగుల కంటే తేడా రావట్లేదు.

ట్యాంకు విషయానికొస్తే, అల్యూమినియం 48/3000 ధరలో చాలా తక్కువ, సరదాగా ఆడేవాళ్లకి సరిపోతుంది. రోజంతా ఆడితే 68/4500 తేలిగ్గా ఉంటుంది, గాలి ఎక్కువసేపు వస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఫిల్ స్టేషన్‌లో 4500 ఉంటే మీ 3000 ట్యాంకు 3000 దగ్గర తనంతట తాను ఆగదు, గేజ్ చూస్తూ మీరే ఆపాలి. మరీ దాటితే బర్స్ట్ డిస్క్ పగిలి గాలంతా బయటికి వచ్చేస్తుంది, 3000 ట్యాంకుకి 5000 పీఎస్ఐ డిస్క్, 4500 ట్యాంకుకి 7500 పీఎస్ఐ డిస్క్, అవుట్‌పుట్ వైపు 1800 పీఎస్ఐది ఇంకోటి ఉంటుంది. అది పగిలితే చెవులు గింగురుమంటాయి కానీ అది మిమ్మల్ని కాపాడటానికే పగిలింది. దాని బదులు బోల్టు బిగించడం, పెద్ద నంబర్ డిస్క్ వేయడం ఎప్పుడూ చేయకండి. నింపేటప్పుడు మెల్లగా నింపండి, వేగంగా నింపితే ట్యాంకు వేడెక్కి, చల్లారాక గేజ్ దిగిపోతుంది. గాలి నింపే గొట్టం తగిలించే ఫిల్ నిపుల్ మీద నూనె చుక్క కూడా పడకూడదు. ఇంట్లో ఉన్న మెషిన్ ఆయిలో, స్ప్రేనో కొట్టేవాళ్లని చూశాను, అంత ఒత్తిడితో గాలి దూసుకొచ్చినప్పుడు నూనె మంటుకుని పేలే ప్రమాదం ఉంది.

ఇక గాలి వదలడం. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. గేమ్ అయిపోగానే అందరూ చేసే పని ట్యాంకు పట్టుకుని తిప్పేయడం. ట్యాంకు గన్‌కి బిగించే చోట, ఏఎస్ఏ అంటారు, లోపలి గాలి ఇంకా నొక్కుతూనే ఉంటుంది. అలా తిప్పితే ట్యాంకు మూతి దగ్గరి 015 సైజు ఓ-రింగ్, అంటే గాలి బయటికి పోకుండా ఆపే చిన్న రింగు, చిరిగిపోతుంది. ఓ-రింగులు నెలకి నాలుగు మారుస్తున్నాం అనేవాళ్లు ఒకసారి తాము ట్యాంకు ఎలా విప్పుతున్నారో చూసుకోవాలి.

నేను చేసేది ఇలా. మాస్క్ తీయను. హాపర్ తీసేస్తాను, బ్యారెల్ వెనక ఉండే బ్రీచ్‌లో ఒక గుండు మిగిలి ఉంటుంది కాబట్టి టార్గెట్ రేంజ్ వైపు రెండు షాట్లు కొట్టి, బ్యారెల్ మూతికి వేసే గుడ్డ తొడుగు, బ్యారెల్ సాక్, తొడుగుతాను. తర్వాత ఏఎస్ఏ మీద ఆన్/ఆఫ్ నాబ్ ఉంటే ఆఫ్ చేసి, గన్ నేల వైపు పెట్టి చప్పుడు ఆగేదాకా ట్రిగ్గర్ నొక్కుతాను. కొన్ని నాబ్‌లు ఆఫ్ చేయగానే గన్‌లోని గాలిని తామే బుస్సుమని వదిలేస్తాయి, కొన్ని వదలవు, మీదే రకమో తెలుసుకోండి. ఎలక్ట్రానిక్ గన్ అయితే గుండు ఉందో లేదో చూసే సెన్సర్లు ('eyes', కళ్లు అంటారు) ఆపండి, లేకపోతే గుండు లేదని గన్ కాల్చదు, మీరేమో గాలి అయిపోయింది అనుకుంటారు. బ్యాటరీ అయిపోయినా అదే తిప్పలు. నాబ్ లేని టిప్‌మన్ లాంటి వాటికి ట్యాంకుని ముప్పావు చుట్టు ఎడమకి తిప్పి ఆపాలి, అక్కడికి ట్యాంకు పిన్ మూసుకుంటుంది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కి గన్ ఖాళీ చేయాలి. ఇంకా మామూలుగా కాలుస్తూనే ఉంటే పిన్ మూసుకోలేదని అర్థం, ఇంకొంచెం తిప్పాలి. చప్పుడు పూర్తిగా ఆగాకే ట్యాంకు బయటికి.

ఏడాదిన్నర క్రితం మా బ్యాచ్‌లో ఒక తమ్ముడు కొత్తగా కొన్న ట్యాంకుతో వచ్చాడు. సాయంత్రం అయ్యేసరికి ట్యాంకు రావట్లేదని రెండు చేతులతో బాటిల్ పట్టుకుని బలంగా తిప్పుతున్నాడు. పొద్దున్నే నేను అందరి ట్యాంకుల మీదా బాటిల్ నుంచి రెగ్యులేటర్ మీదకి ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. చూస్తే ఆ గీత రెండు ముక్కలైంది. గన్ దగ్గర రెగ్యులేటర్ కదలట్లేదు, రెగ్యులేటర్ నుంచి బాటిల్ ఊడుతోంది.

"ఆపు, చెయ్యి తియ్, ఇంక తిప్పొద్దు" అని అరిచాను.

"అన్నా, వచ్చేస్తోంది, ఒక్క నిమిషం" అన్నాడు.

గేజ్ చూస్తే ఇంకా 2000 పైనే ఉంది. ఇంకో కొన్ని చుట్లు తిరిగి ఉంటే ఆ బాటిల్ రాకెట్ లాగా వెళ్లేది. కార్బన్ డయాక్సైడ్ ట్యాంకుల కాలంలో సరిగ్గా ఇలాగే, గన్ నుంచి ట్యాంకు ఊడే బదులు వాల్వ్ నుంచి బాటిల్ ఊడి మనుషులు చనిపోయారు. గన్‌లు, ట్యాంకులు బాగుచేసే ఫీల్డ్ ఎయిర్‌స్మిత్‌ని పిలిచాం. ఆయన అందర్నీ దూరంగా పంపించి, బాటిల్‌ని అసలు తిప్పకుండా, గన్‌లో ఉండగానే మొత్తం గాలి కాల్చేసి, ఆ తర్వాతే విప్పారు. ఆ రోజు నుంచి మా వాళ్లెవరూ గీత లేని ట్యాంకు గన్‌కి పెట్టరు. ప్రతిసారీ తిప్పే ముందు, తిప్పుతుండగా ఆ గీత వైపు చూడాలి.

గేజ్ సున్నా చూపిస్తే ట్యాంకు ఖాళీ అనుకోకండి. ఆ చిన్న గేజ్‌లు ఒక దెబ్బ తగిలితే ముల్లు ఇరుక్కుపోతుంది. ట్యాంకు ఖాళీ చేయడానికి పిన్‌ని మెల్లగా నొక్కే స్క్రూ ఉన్న డీగ్యాస్ టూల్ అమ్ముతారు, తక్కువ ధరే, ఒకటి బ్యాగులో ఉంచుకోండి. స్క్రూడ్రైవర్‌తో పిన్ పొడవద్దు.

బాటిల్ మీద ముద్ర వేసిన తేదీ కూడా చూడండి. అయిదేళ్లకోసారి హైడ్రో టెస్ట్, అంటే నీళ్ల ఒత్తిడితో బాటిల్ బలం చూసే పరీక్ష, చేయించాలి, తేదీ దాటితే మంచి ఫీల్డ్‌లో గాలి నింపరు. కార్బన్ ఫైబర్ వాటిలో చాలావాటికి పదిహేనేళ్లతో ఆయుష్షు ముగుస్తుంది. అందుకే సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు అమ్మేవాళ్లని రెగ్యులేటర్ ఫోటోతో పాటు ఆ తేదీ ఫోటో కూడా పంపమని అడగండి.

విమానంలో తీసుకెళ్లాలంటే రెగ్యులేటర్ పూర్తిగా విప్పేసి, బాటిల్ లోపల కనిపించేలా తెరిచి ఉంచాలని అమెరికా విమాన ప్రయాణ భద్రతా సంస్థ టీఎస్ఏ నియమం. అది ఇంట్లో రెంచితో చేసే పని కాదు. పోయిన డిసెంబరులో హైదరాబాద్ వచ్చినప్పుడు అక్కడి కజిన్స్‌తో ఆడాలని ఉన్నా నా ట్యాంకు ఇర్వింగ్‌లోనే వదిలి, మాస్క్ ఒక్కటే తెచ్చుకున్నాను. అక్కడ అద్దెకిచ్చిన గన్ చేతికి రాగానే ముందు ట్యాంకు మెడ చూశాను. గీత లేదు. కౌంటర్‌లో ఉన్న అబ్బాయిని మార్కర్ అడిగి, మా వాళ్లందరి ట్యాంకుల మీదా గీసి, ఎందుకో అతనికి చెప్పి, అప్పుడు లోపలికి వెళ్లాం.