నేపుల్స్ అక్వేరియం: మన టికెట్ డబ్బుతో సైన్స్ నడిపిద్దామనుకున్న చోటు

ఇటలీ ట్రిప్‌లో అందరూ పాంపే చూడండి పిజ్జా తినండి అన్నారు, అవీ చేశాం గానీ నా వరకు బెస్ట్ మాత్రం నేపుల్స్‌లో సముద్రం ఒడ్డున విల్లా కమునాలే పార్కులో ఉన్న పాత అక్వేరియం. మాది వైజాగ్, బీచ్ రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ చేపల్ని చూడ్డానికి లోపలికెళ్ళడం చిన్నప్పట్నుంచీ అలవాటే, అందుకేనేమో ఇక్కడ కాళ్ళు వాటంతటవే లోపలికి తీసుకెళ్ళాయి.

ముందే చెప్తున్నా, ఇది చిన్నది. దుబాయ్, సింగపూర్ అక్వేరియంలు ఊహించుకుని వెళ్ళకండి. కానీ ఇది జనానికి తెరిచింది 1874 జనవరిలో, అదీ పైన రీసెర్చ్ నడవడానికి కింద టికెట్లు అమ్ముదాం అన్న ఆలోచనతో! ఆంటన్ డోర్న్ అని ఒక జర్మన్ జువాలజిస్టు, అంతకుముందు ఇటలీలోనే మెస్సినా అనే ఊళ్ళో పని చేస్తూ, బతికున్న జంతువులు, మంచి సముద్రపు నీళ్ళు, పుస్తకాలు అన్నీ ఒకే చోట దొరక్క ఎంత కష్టమో చూసి, 1872లో ఇక్కడ రీసెర్చ్ స్టేషన్ బిల్డింగ్ మొదలుపెట్టాడు. స్థలం నేపుల్స్ నగరం ఇచ్చింది, వాళ్ళ నాన్న డబ్బూ పెట్టాడు, డార్విన్ కూడా పుస్తకాలు పంపి సపోర్ట్ చేశాడు.

టికెట్ డబ్బులు సరిపోలేదు. అప్పుడు డోర్న్ చేసిన పని నాకు భలే నచ్చింది, రీసెర్చ్ చేసుకునే టేబుళ్ళు అద్దెకిచ్చాడు. ఏదో ఒక యూనివర్సిటీ గానీ ప్రభుత్వం గానీ ఏడాదికింత అని కడితే వాళ్ళు పంపిన మనిషికి ఒక టేబుల్, కెమికల్స్, లైబ్రరీ, ఇంకా తనకి కావాల్సిన జంతువు బతికుండగానే దొరికేవి, తెచ్చేది నేపుల్స్ జాలర్లు. అమెరికాలో ఆడవాళ్ళు 1890ల చివర్లో ఒక సంఘం పెట్టుకుని మరీ, మహిళా సైంటిస్టుల కోసం ఇక్కడ ఒక టేబుల్ తీసుకున్నారు. ఇది చదివినప్పుడు మా అమ్మాయికి గట్టిగా చదివి వినిపించా.

థియొడోర్ బొవేరి అనే జర్మన్ బయాలజిస్టు ఇక్కడి సీ అర్చిన్ (ఒళ్ళంతా ముళ్ళతో బంతిలా ఉండే సముద్రపు ప్రాణి) గుడ్ల మీద పని చేసే, పిండం సరిగ్గా పెరగాలంటే క్రోమోజోముల సెట్ పూర్తిగా ఉండాలని తేల్చాడు. మనం స్కూల్లో బట్టీ పట్టిన క్రోమోజోముల వెనక ఈ సముద్రపు ప్రాణి ఉందని మా సైన్స్ సార్ చెప్పుంటే ఎంత బాగుండేది.

నేను ఎక్కువసేపు నిలబడింది ఆక్టోపస్ దగ్గర. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జె.జెడ్. యంగ్, బ్రయాన్ బాయ్‌కాట్ అనే ఇద్దరు బ్రిటిష్ సైంటిస్టులు ఇక్కడ ఆక్టోపస్‌లని తొట్టెల్లో పెట్టి, ఉండటానికి ఇటుకలతో గూడు కట్టి, పీతని ఒక్కదాన్నే పెడితే ఏం చేయకుండా, పక్కన తెల్ల ప్లేటు ఉన్న పీతని పట్టుకోబోతే మాత్రం ఆక్టోపస్‌కి షాక్ ఇచ్చేవాళ్ళు. కాసిన్ని సార్లకే తేడా నేర్చేసుకునేవి. మెదడులో వర్టికల్ లోబ్ అనే భాగం తీసేస్తే ఆ నేర్చుకున్నది నిలిచేది కాదు. జ్ఞాపకం గురించి మనకి అంత తెలిసింది ఆ ప్రాణుల బాధ వల్లే, అది తలుచుకుంటే నాకు గర్వం, దిగులు రెండూ కలిసే వచ్చాయి, ఏదీ దాచుకోవాలని లేదు.

పిల్లలతో వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, టైమింగ్స్ ముందే చూసుకోండి. కాస్త డోర్న్ గురించి చదువుకుని వెళ్తే అద్దాల వెనక ఉన్నవి ఉత్త చేపల్లా కనపడవు. నా రేటింగ్ 5కి 5. మా అమ్మాయైతే ఆక్టోపస్ కన్ను తననే చూస్తోందని కదల్లేదు, "ఇంకో రెండు నిమిషాలు నాన్నా" అంటూనే అరగంట అయింది.