మూడున్నరేళ్ళు లేత్ మిషన్ వాడాక: లాంప్‌ల వరకైతే కొనొచ్చు

హన్మకొండలో మా ఇంటి మేడ మీద రేకుల షెడ్డులో ఉంటుంది నా లేత్, అంటే కర్రని గిరగిరా తిప్పుతుంటే మనం ఉలి ఆనించి గుండ్రంగా చెక్కుకునే మిషన్. 370 వాట్ల మోటార్, 1000 మిల్లీమీటర్ల పొడవు దాకా కర్ర పడుతుంది, బెల్ట్ మార్చుకుంటూ నాలుగు స్పీడ్లు. దీని మీద ఇప్పటికి పదిహేడు టేబుల్ లాంప్‌లు తీశాను, బాపు పాత మంచానికి కోడు ఒకటి చేశాను, చపాతీ కర్రలు ఎన్నో లెక్కే లేదు. కంపెనీ పేరు చెప్పి లాభం లేదు, ఇదే మిషన్ రంగు మార్చుకుని పది పేర్లతో అమ్ముతున్నారు.

పెద్ద లోపం ముందే చెప్తా. స్పీడ్ 810 ఆర్‌పీఎం (నిమిషానికి 810 చుట్లు) కంటే కిందికి రాదు. సన్న కర్రకి పర్లేదు, నాలుగంగుళాల చదరం మొద్దు ఎక్కించి స్విచ్ వేశారా, స్టాండంతా గజగజ వణుకుతుంది. మొదటి వారంలోనే కింది పోర్షన్ తమ్ముడు పైకొచ్చి "ఏం సప్పుడే అన్నా ఇది, బోరేస్తున్నవా?" అన్నాడు. అప్పటినుంచి స్టాండ్ మీద రెండు ఇసుక బస్తాలు, కాళ్ళ కింద టైరు ముక్కలు. మొద్దు మూలలు ముందే బాడిసతో చెక్కి ఎనిమిది పలకలు చేశాకే ఎక్కిస్తున్నా.

మిషన్‌తో ఫ్రీగా వచ్చిన ఉలులు డబ్బాలోనే ఉంచండి. మనవైపు సామిల్లులో ఎక్కువగా దొరికేది టేకు, దాంట్లో సిలికా ఉంటుంది కాబట్టి మామూలు ఉక్కు పదును నిమిషాల్లో పోతుంది. మొండి ఉలిని బలంగా నొక్కితే అది కర్రలో ఇరుక్కుని, మీ చేతిని కూడా లాక్కుపోతుంది. హైస్పీడ్ స్టీల్ ఉలులు, గౌజ్ (గాడి ఉలి) ఒకటి, స్క్యూ (ఏటవాలు అంచు ఉలి) ఒకటి విడిగా కొన్నాక గానీ నాకు పని అంటే ఏంటో తెలియలేదు.

లాంప్‌కి అసలు పరీక్ష వైరు రంధ్రం. పన్నెండంగుళాలు నిలువునా డ్రిల్ కొట్టబోతే బిట్టు పక్కకి పోయి రెండు కర్రలు పాడయ్యాయి. ఇప్పుడు రెండు టేకు పలకల మధ్య గాడి తీసి, ఫెవికాల్‌తో అతికించి, క్లాంపులు బిగించి ఒక రోజంతా వదిలేస్తా. గాడి రెండు చివర్లా చెక్క బిరడాలు కొట్టాలి, లేకపోతే కర్రని రెండు చివర్లా పట్టుకునే మిషన్ మొనలకి (సెంటర్లకి) పట్టు దొరకదు. పని అయ్యాక వాటిని తీసేస్తే సరి. ఒకసారి తొందరపడి రెండు గంటలకే క్లాంపులు విప్పి ఎక్కించా, మధ్యలో కర్ర రెండుగా విడిపోయి ఒక ముక్క పైన రేకుకి తగిలింది. ఆ సొట్ట ఇంకా అట్లనే ఉంది. ముఖానికి షీల్డ్ లేకుండా, మెడలో కండువాతో, చేతికి గ్లౌజులతో దీని దగ్గరికి పోవద్దు.

డిజైన్ల కోసం నేను ఫోన్ చూడను, వేయిస్తంభాల గుడికి పోతా. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి, ఆ నల్లరాతి స్తంభాల మీది గుండ్రటి గాడులు చూస్తే లేత్ మీద తిప్పినట్టే ఉంటాయి. అక్క గృహప్రవేశానికి ఇచ్చిన లాంప్ కాండం వాటిని చూసి తీసిందే, కాకపోతే రాతిలో వాళ్ళకొచ్చిన నునుపు నాకు టేకులో 400 నంబర్ సాండ్ పేపర్ దాకా పోయినా రాలేదు. పైన లక్క పాలిష్ మూడు పూతలు, హోల్డర్, 9 వాట్ల ఎల్ఈడీ, అంతే.

పచ్చి కర్ర జోలికి మాత్రం పోకండి. పరకాలలో మా మామ పొలంలో కొట్టిన వేప మెత్తగా ఉంది కదా అని వారంలోనే తిప్పేశా, వెన్నలా తెగింది, మేలో ఎండలు 44 తాకేసరికి అడుగు నుంచి హోల్డర్ దాకా వేలు దూరేంత పగులు.

రాత్రి ఏడు దాటితే మా వీధిలో వోల్టేజ్ పడిపోయి మోటార్ మూలుగుతుంది తప్ప తిరగదు. రెండో ఎండాకాలం కెపాసిటర్ పోతే వైండింగ్ షాపులో గంటలో మార్చి ఇచ్చారు. ఇప్పుడు హెడ్‌స్టాక్ (కర్రని తిప్పే భాగం) వైపు గరగర మొదలైంది, వచ్చే నెల బేరింగులు మార్పించాలి.